గైనిక్ సర్జరీలో అడ్వాన్స్‌డ్ ఫెలోషిప్ చేయాలా, చేస్తే ఏం చూసి చేరాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గైనిక్ పీజీ అయ్యి మూడేళ్లయింది. సిజేరియన్లు, ఓపెన్ హిస్టెరెక్టమీలు (పొట్ట కోసి గర్భసంచి తీయడం) ధైర్యంగా చేస్తున్నారు. లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే సర్జరీ, లాప్ అంటాం) మాత్రం ట్యూబెక్టమీ, చిన్న చిన్న సిస్టుల దాకా వచ్చి ఆగిపోయారు. క్యాన్సర్ కాని గైనిక్ జబ్బుల సర్జరీలో అడ్వాన్స్‌డ్ ఫెలోషిప్ నిజంగా అవసరమా, మూడు నెలల కోర్సు సరిపోదా, చేస్తే రోబో ఉన్న చోటే చేరాలా అని అడిగారు. ముప్పై నాలుగేళ్లు వచ్చాయి, ఆలస్యమైందేమో అని కూడా రాశారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ముదిరిన ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు), పెద్ద ఫైబ్రాయిడ్లు (గర్భసంచి కండరంలో వచ్చే గడ్డలు), రెండు మూడు సిజేరియన్ల తర్వాత బ్లాడర్ పైకి లాగేసి అతుక్కుపోయిన గర్భసంచి, ఇలాంటి కేసులు మీ చేతుల మీద చేయాలని ఉంటే ఫెలోషిప్ చేయండి. కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు. మూడు నెలల కోర్సు ఆ లోటు తీర్చదు. రోబో సంగతి అన్నిటికంటే చివర చూసుకోవచ్చు. అన్నిటికంటే ముందు కనుక్కోవాల్సింది, కష్టమైన కేసులో యురేటర్‌ని, అంటే కిడ్నీ నుంచి బ్లాడర్‌కి మూత్రం తెచ్చే గొట్టాన్ని, వెతికి విడదీసేది ఫెలోనా, కన్సల్టెంటా అన్నది.

ఇంత పెద్ద నిర్ణయానికి ఇంత చిన్న ప్రశ్నా అనిపించవచ్చు. ఎందుకు అంటున్నానో చెప్తాను.

మామూలు హిస్టెరెక్టమీలో మనం గర్భసంచిని పట్టుకునే పని చేస్తాం. పీజీలో నేర్పేది అదే: సంచికి దగ్గరగా ఉండు, క్లాంప్ వేయి, కట్ చేయి, కట్టు. లోపల అంతా మామూలుగా ఉన్నంత కాలం ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఎండోమెట్రియోసిస్‌లో ఓవరీ పక్క గోడకు అతుక్కుపోయి, రెక్టమ్ వచ్చి గర్భసంచి వెనక కరుచుకుపోయి ఉన్నప్పుడు "సంచికి దగ్గరగా" అనే చోటే ఉండదు. అప్పుడు జబ్బు ఉన్న చోటు వదిలేసి, జబ్బు లేని చోట పెరిటోనియం (కడుపు లోపలి పలుచని పొర) తెరిచి, దాని వెనక ఉన్న రెట్రోపెరిటోనియంలోకి దిగి, అక్కడి నుంచి యురేటర్‌నీ గర్భసంచి రక్తనాళమైన యూటెరైన్ ఆర్టరీనీ వెంబడించుకుంటూ జబ్బు దగ్గరికి రావాలి. ఈ ఒక్క పని వచ్చిన సర్జన్‌కి మిగతా సర్జరీలు చాలావరకు లొంగుతాయి. అది రానివాళ్లు ఎంత వేగంగా సూచర్ వేసినా ఒక స్థాయి దగ్గర ఆగిపోతారు. యురేటర్ సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) పక్క నుంచి, యూటెరైన్ ఆర్టరీ కిందుగా, మామూలు మనిషిలో సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలోనే వెళ్తుంది. జబ్బు వల్ల గట్టిపడిన టిష్యూ (ఫైబ్రోసిస్) దాన్ని ఇంకా లోపలికి లాక్కొస్తే ఆ రెండు సెంటీమీటర్లు కూడా మిగలవు.

నాకు ఇది ఎలా అర్థమైందో చెప్తాను. ఫెలోషిప్‌లో రెండో నెల అనుకుంటాను, ఎడమ వైపు పెద్ద చాక్లెట్ సిస్ట్ (ఎండోమెట్రియోసిస్ వల్ల ఓవరీలో వచ్చే సిస్ట్) ఉన్న కేసు. నాకు నేర్పిన మేడమ్ కెమెరా పట్టుకుని, పరికరాలు నా చేతికిచ్చారు. ఎడమ వైపు పెల్విక్ బ్రిమ్ (కటి పై అంచు) దగ్గర సిగ్మాయిడ్ పేగు అడ్డంగా ఉంటుంది కదా, కుడివైపు కనబడినట్టు యురేటర్ పైకే కనబడదు. సిగ్మాయిడ్ అతుకులు విడదీసి, పెరిటోనియాన్ని గ్రాస్పర్‌తో గుడారంలా పైకెత్తి చిన్న కోత పెట్టాను. గ్యాస్ తనంతట తానే లోపలికి దూరి, సాలెగూడు లాంటి తెల్లటి పొరను నురగలా విడదీయడం మొదలుపెట్టింది. ఆ నురగలోకి నెమ్మదిగా తోస్తూ పోతుంటే గులాబీ రంగు తాడు లాంటిది ఒకటి కనిపించింది.

"దొరికింది మేడమ్" అన్నాను.

"కదిలిందా?" అన్నారు.

"ఇదే అనుకుంటా..."

"అనుకోకు. కదిలేదాకా ఆగు."

ఆగాం. ఓటీలో మానిటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. పదిహేను ఇరవై సెకన్ల తర్వాత పురుగు పాకినట్టు ఒక అల పై నుంచి కిందికి పాకింది, నేను చూపించిన తాడులో కాదు, దానికి లోపలి పక్కన పెరిటోనియం పొరకు అంటుకుని ఉన్న ఇంకో దానిలో. నేను చూపించింది రక్తనాళం. యురేటర్ పెరిటోనియం లోపలి పొరతో పాటే వస్తుందని పుస్తకంలో ఎన్నిసార్లు చదివి ఉంటానో లెక్కలేదు, కానీ అది నా కంటికి పట్టింది మాత్రం ఆ రోజే. ఆవిడ నా చేతిలోంచి పరికరం తీసేసుకుని ఉంటే ఆ కేసు అరగంట ముందే అయిపోయేది. తీసుకోలేదు. అందుకే మీకు ఆ ప్రశ్న చెప్పింది.

పీజీలో ఇది ఎందుకు రాదు? మీ తప్పేమీ కాదు. పీజీలో సగానికి పైగా సమయం లేబర్ రూమే తినేస్తుంది. మిగిలిన సమయంలో వచ్చే హిస్టెరెక్టమీలు కూడా పంచుకోవాలి: కొన్ని ఓపెన్, కొన్ని వెజైనల్, కొన్ని లాప్. పైగా హార్మోన్ ఐయూడీ, ఎండోమెట్రియల్ అబ్లేషన్, ఫైబ్రాయిడ్లకు ఎంబొలైజేషన్ లాంటివి వచ్చాక చాలామందికి సర్జరీ అవసరమే రావడం లేదు. పేషెంట్లకు ఇది నిజంగా మంచిది. కానీ సర్జరీ దాకా వచ్చేవాటిలో కష్టమైన కేసుల వాటా పెరిగింది, నేర్చుకునేవాళ్ల చేతికి తేలిక కేసులు తగ్గాయి. హ్యారీ రీచ్ 1988లో మొదటి లాపరోస్కోపిక్ హిస్టెరెక్టమీ చేశాక ఇన్నేళ్లకు కూడా ఈ సర్జరీ పీజీలో పూర్తిగా చేతికి ఎక్కకపోవడానికి కారణం ఇదే అని నా నమ్మకం.

ఇక ఏడాదా, రెండేళ్లా. అమెరికాలో లాపరోస్కోపిక్ గైనిక్ సర్జన్ల సంఘం ఏఏజీఎల్ ఆధ్వర్యంలో నడిచే ఫెలోషిప్ రెండేళ్లు. అంతసేపు ఎందుకని నేను కూడా మొదట్లో అనుకున్నాను. మొదటి ఆరు నెలలు కెమెరా, పోర్టులు, ఎనర్జీ పరికరాలు, లోపల కుట్లు వేయడం, వీటికే పోతాయి. తర్వాత ఆరు నెలల్లో మామూలు హిస్టెరెక్టమీ, మయోమెక్టమీ (ఫైబ్రాయిడ్ మాత్రమే తీయడం) సాఫీగా వస్తాయి. అసలు కష్టమైన పని చేతికి వచ్చేది ఆ తర్వాతే. ఇంకో కారణం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మీరు చేసిన ఎండోమెట్రియోసిస్ పేషెంట్ ఏడాది తర్వాత నొప్పి తగ్గిందని వస్తుందో, మళ్లీ అదే నొప్పితో వస్తుందో చూడాలంటే మీరు అక్కడ ఉండాలి కదా! మూడు నెలల్లో వెళ్లిపోతే మీ సర్జరీ ఫలితం మీరు ఎప్పటికీ చూడరు.

చిన్న కోర్సులను తీసిపారేయడం లేదు. ఫెలోషిప్‌కి ముందు చేస్తే చాలా ఉపయోగం. యూరప్‌లో గైనిక్ ఎండోస్కోపీ సంఘం ఈఎస్‌జీఈ వాళ్ల గెసియా శిక్షణ ప్రోగ్రామ్‌లో కెమెరా నడపడం, రెండు చేతులూ కలిపి వాడటం, కుట్టు వేయడం విడివిడిగా పరీక్షిస్తారు. లాపరోస్కోపీ ప్రాథమిక నైపుణ్యాల పరీక్ష ఎఫ్‌ఎల్‌ఎస్‌లో ఐదు పనులు ఉంటాయి, అందులో లోపల ముడి వేయడం ఒకటి. ఇవన్నీ బాక్స్ ట్రైనర్ (ప్రాక్టీసు చేసే పెట్టె) మీద నేర్చుకునే పనులు. ఫెలోషిప్‌లో మొదటి రోజుకే ఇవి వచ్చి ఉంటే, పైన చెప్పిన మొదటి ఆరు నెలలు మూడుకి తగ్గుతాయి. పేషెంట్ కడుపులో ముడి వేయడం నేర్చుకోవాల్సిన అవసరం ఎవరికీ రాకూడదని నా గట్టి అభిప్రాయం.

చేరేముందు ఏం కనుక్కోవాలి? "ఏడాదికి ఇన్ని వందల కేసులు" అని చెప్తారు. ఆ అంకె మీద ఆధారపడకండి. అందులో ఫెలో పోర్ట్ నుంచి పోర్ట్ దాకా తన చేతులతో చేసినవెన్ని, కెమెరా పట్టుకున్నవెన్ని అని అడగండి. ఇప్పుడున్న ఫెలోతో విడిగా మాట్లాడండి, కన్సల్టెంట్ ముందు కాదు. ఆ అమ్మాయినో అబ్బాయినో ఒక్కటే అడగండి: "పోయిన వారం చేసిన కష్టమైన కేసులో బ్లాడర్ ఎవరు దించారు, యురేటర్ ఎవరు విడదీశారు?" జవాబు చెప్పే ముందు ఎంతసేపు ఆలోచించారో చూస్తే చాలు. వీలైతే ఒక రోజంతా ఓటీలో నిలబడండి. బ్లీడింగ్ మొదలైనప్పుడు కన్సల్టెంట్ ఏం చేస్తున్నారో గమనించండి. పరికరం లాక్కుంటున్నారా, "ప్రెజర్ పెట్టి ఆగు, సక్షన్ రానివ్వు, ఎక్కడి నుంచి వస్తోందో చూసి చెప్పు" అంటున్నారా. రెండో రకం వాళ్ల దగ్గర చేరండి, ఆ చోటు పేరు ఎవరూ వినకపోయినా సరే.

కొలోరెక్టల్ సర్జన్, యూరాలజిస్ట్ అదే ఓటీకి పిలిస్తే వస్తారా అన్నది కూడా ముఖ్యం. లోతైన ఎండోమెట్రియోసిస్ ఒక్కరు చేసే సర్జరీ కాదు. రెక్టమ్ మీద గడ్డను గీకి తీస్తే సరిపోతుందా, డిస్క్‌లా కోయాలా, పేగు ముక్కనే తీయాలా అన్నది ఎంఆర్ఐ ముందు పెట్టుకుని ముగ్గురూ కలిసి సర్జరీకి ముందే అనుకునే చోట నేర్చుకునేది వేరు, టేబుల్ మీద కంగారుగా ఫోన్ చేసే చోట నేర్చుకునేది వేరు. యురేటర్‌కి లోపలి పక్క ఉండే ఒకబయాషి స్పేస్ అనే సందు తెరిచి, హైపోగాస్ట్రిక్ నరాన్ని తెగకుండా పక్కకు పెట్టడం కూడా ఇలాంటి చోటే చూస్తారు. రెండు వైపులా అక్కడి నరాలు పోతే, నొప్పి తగ్గినా పేషెంట్ మూత్రం సరిగ్గా పోయలేక కాథెటర్‌తో బతకాల్సి రావచ్చు.

హిస్టెరోస్కోపీ (యోని ద్వారా గర్భసంచి లోపలికి కెమెరా పెట్టి చేసేది) ఎంత చేయిస్తారో అడగండి. ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. గర్భసంచి గోడలోకి సగం పైగా దిగిన ఫైబ్రాయిడ్‌ని లోపలి నుంచి కోసి తీయడం నిజంగా చెయ్యి తిరగాల్సిన పని, పోసిన ఫ్లూయిడ్‌లో ఎంత తిరిగి రాలేదో (లోటు) లెక్కపెట్టడం కూడా అంతే. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో సెలైన్ అయితే రెండున్నర లీటర్లు, గ్లైసిన్ లాంటిదైతే ఒక లీటర్ లోటు దాటితే ఆపేయాలి, ఫైబ్రాయిడ్ ఇంకా మిగిలి ఉన్నా ఆపేయాలి. ఆ "ఇంకొంచెమే ఉంది" అనే ఘడియలో ఆపడం ఎవరైనా పక్కన నిలబడి నేర్పితేనే వస్తుంది.

వెజైనల్ సర్జరీ కూడా. లాప్ ఫెలోషిప్ అనగానే దీన్ని పక్కన పెట్టేస్తున్నారు, నాకు ఇది బాధగా ఉంటుంది. వీలైనప్పుడల్లా వెజైనల్ హిస్టెరెక్టమీయే మేలైన దారి అని అమెరికా గైనిక్ డాక్టర్ల సంఘం ఏకాగ్ 2017లో కూడా స్పష్టంగా చెప్పింది. పొట్ట మీద ఒక్క కోత కూడా లేకుండా అయిపోయే సర్జరీని వదిలి, పోర్టులు పెట్టడం మాత్రమే నేర్పే చోటు నా దృష్టిలో సగం ఫెలోషిప్పే.

రోబో గురించి. గైనిక్‌లో డావిన్సీ రోబోకి అమెరికా మందుల, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో అనుమతిచ్చింది. బాగుంటుంది, మణికట్టులా తిరుగుతుంది, త్రీడీలో కనబడుతుంది, కుట్లు వేయడం తేలిక. చాలా లావుగా ఉన్న పేషెంట్లలో, ఎక్కువ కుట్లు పడే మయోమెక్టమీలో నేనూ ఇష్టంగానే వాడతాను. కానీ రోబో మీద యురేటర్ తనంతట తాను కనబడదు. లాప్ బాగా వచ్చినవాళ్లు రోబోకి మారడం నేను చూశాను, కొన్ని వారాల పని. రోబో మీద మాత్రమే నేర్చుకుని, రోబో లేని చోట ఉద్యోగం వచ్చిన ఒక జూనియర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం కూడా చూశాను. రెండూ ఉంటే మంచిదే. ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే స్ట్రెయిట్ స్టిక్ లాప్ (రోబో లేకుండా మామూలు పరికరాలతో) ఎక్కువ చేయించే చోటు ఎంచుకోండి.

ఫెలోషిప్‌లో నేర్చుకునే ఇంకో సగం ఓపీలో ఉంటుంది. ఎవరికి సర్జరీ వద్దో తెలియడం. ఫైబ్రాయిడ్ ఉందని స్కాన్‌లో రాగానే తీసేయాలని వచ్చేవాళ్లలో చాలామందికి లక్షణాలే ఉండవు. దీర్ఘకాలం పెల్విక్ నొప్పితో వచ్చేవాళ్లలో కొందరికి అసలు నొప్పి పెల్విక్ ఫ్లోర్ కండరాలది, గర్భసంచి తీసేసినా అది పోదు. 2014 నాటి మార్సెలేటర్ (గడ్డను లోపలే ముక్కలు చేసి తీసే పరికరం) వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో సుమారు 350 మందిలో ఒకరికి తెలియని సార్కోమా (ఒక రకం క్యాన్సర్) ఉండొచ్చని ఎఫ్‌డీఏ అప్పట్లో లెక్కగట్టి, లోపల పవర్ మార్సెలేటర్ వాడకాన్ని వద్దని హెచ్చరించింది. ఆ లెక్క మీద తర్వాత చాలా వాదన జరిగింది. కానీ పేషెంట్‌తో ముందే మాట్లాడటం, మెనోపాజ్ తర్వాత పెరిగే గడ్డను అనుమానించడం, ముక్కలు చేయాల్సి వస్తే బ్యాగ్‌లో పెట్టి చేయడం అప్పటి నుంచే మా అందరికీ అలవాటుగా మారాయి. మీరు చేరే చోట ఓపీలో కన్సల్టెంట్ పక్కన కూర్చోనిస్తారా అని అడగడం మర్చిపోకండి.

నా స్వంత అనుభవం ఇంకొకటి చెప్పాలి, ఫెలోషిప్ చేస్తే కాంప్లికేషన్లు రావని మీరు అనుకోకూడదు. ఫెలోషిప్ అయ్యాక రెండో ఏడు. ఎడమ ఓవరీ గోడకు అతుక్కున్న కేసు. యురేటర్‌ని బ్రిమ్ దగ్గర గుర్తుపట్టాను, కిందికి కొంత దూరం విడదీశాను. గర్భసంచి వెనక ఉండే యూటెరోసేక్రల్ లిగమెంట్ దగ్గర చిన్న బ్లీడింగ్ వచ్చింది, బైపోలార్ (కరెంటు వేడితో రక్తం ఆపే పరికరం) పెట్టాను, ఆగలేదు, మళ్లీ పెట్టాను. ఆ క్షణంలో యురేటర్ ఎక్కడుందో మళ్లీ చూసుకోలేదు. చివర్లో సిస్టోస్కోపీ (బ్లాడర్‌లోకి కెమెరా పెట్టి చూడటం) చేస్తే రెండు వైపులా మూత్రం చక్కగా చిమ్మింది, హమ్మయ్య అనుకున్నాను. తొమ్మిదో రోజు కడుపునొప్పి, జ్వరం, కడుపులో నీరుతో వచ్చింది. వేడికి కాలిన యురేటర్ ఆ రోజు బాగానే ఉంటుంది, కొన్ని రోజుల తర్వాత ఆ ముక్క చచ్చి కారడం మొదలవుతుంది. సిస్టోస్కోపీ దాన్ని పట్టలేదు. యూరాలజిస్ట్ యురేటర్‌ని తిరిగి బ్లాడర్‌కి కలిపారు, ఆవిడ కోలుకుంది. జరిగిందంతా, ఏ క్షణంలో నేను చూసుకోలేదో కూడా, ఆవిడకీ ఆవిడ భర్తకీ నేనే కూర్చోబెట్టి చెప్పాను. ఆ రాత్రి నాకు నేర్పిన మేడమ్‌కి ఫోన్ చేస్తే ఆవిడ అన్నీ విని, "వీడియో ఉందా? రేపు ఇద్దరం కలిసి చూద్దాం" అన్నారు, అంతే. చూశాం. ఫెలోషిప్ నుంచి మీకు మిగలాల్సింది ఇలా ఫోన్ చేయగలిగే మనిషి కూడా. అందుకే కన్సల్టెంట్లు తమ కాంప్లికేషన్ వీడియోలు ఫెలోల ముందు వేసి చూపించే చోటు దొరికితే వదలకండి.

ఎవరికి అవసరం లేదో కూడా చెప్పాలి. మీకు ఆబ్స్టెట్రిక్స్ ఇష్టమైతే, గైనిక్‌లో మామూలు కేసులు చేసి కష్టమైనవి పైకి పంపడంలో మీకు ఇబ్బంది లేకపోతే, రెండేళ్లు ఖర్చు పెట్టకండి. సమయానికి రెఫర్ చేసే డాక్టర్ పేషెంట్‌కి చేసే మేలు చాలా పెద్దది, మొదటి సర్జరీ సగంలో ఆపేసి పంపిన కేసు రెండోసారి తెరిచేవాళ్లకే ఆ సంగతి తెలుస్తుంది. అలాగే తిరిగి వెళ్లి పనిచేయబోయే చోట మంచి కెమెరా, లాప్‌కి అలవాటుపడిన అనస్థెటిస్ట్, స్థిరంగా ఉండే ఓటీ సిస్టర్ లేకపోతే నేర్చుకున్నది ఏడాదిలో చేజారిపోతుంది. చేరేముందే ఆ ఏర్పాటు ఆలోచించుకోండి.

చేరేలోగా చేయగలిగినవి: రోజూ అరగంట బాక్స్ ట్రైనర్, ఎడమ చేత్తో కూడా ముడి వేయడం. ఇప్పుడు చేస్తున్న ప్రతి ఓపెన్ హిస్టెరెక్టమీలో, తేలిక కేసైనా, పెరిటోనియం తెరిచి యురేటర్‌ని చూసి, కదిలాకే క్లాంప్ వేయడం. సిస్టోస్కోపీ నేర్చుకోవడం. మీరు చేసే చిన్న సిస్ట్ కేసులు రికార్డ్ చేసి రాత్రి చూసుకోవడం. టేబుల్ ఎత్తు మోచేతికి కిందుగా పెట్టుకోవడం ఇప్పుడే అలవాటు చేసుకోండి, భుజం నొప్పి మొదలయ్యాక మార్చుకోవడం చాలా కష్టం.

వయసు గురించి టెన్షన్ పడకండి. నేను చేరింది ముప్పై ఆరేళ్లకి, మా బ్యాచ్‌లో నలభై రెండేళ్ల ఆవిడ ఉన్నారు. ఓపెన్ సర్జరీ చాలా చేసి వచ్చినందువల్ల టిష్యూ ఎక్కడ చిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో ఆవిడకి మా అందరికంటే ముందే తెలిసేది. మీ మూడేళ్ల ఓపెన్ కేసులు కూడా అలాగే పనికొస్తాయి. చూసిన చోట్ల ఫెలోలు ఏం చెప్పారో ఇక్కడే రాయండి, ఎంచుకోవడానికి సాయం చేస్తాను.